ఎదుటివారి ముఖం చదవలేకపోయినా జర్మన్ బీ1 మాట్లాడే పరీక్ష గట్టెక్కడం ఎలా

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు జర్మనీలో నర్సింగ్ ఔస్‌బిల్డుంగ్‌లో, అంటే అక్కడి వృత్తి శిక్షణలో, చేరడం కోసం గోథె సంస్థ పెట్టే బీ1 స్థాయి జర్మన్ పరీక్షకు వెళ్లారు. చదవడం, వినడం, రాయడం మూడింటిలోనూ 80కి పైగా మార్కులు వచ్చాయి కానీ మాట్లాడే భాగంలో ఉత్తీర్ణతకు కావలసిన 60 రాలేదు. ఎదుటివారి కళ్లలోకి చూడలేకపోవడం, వాళ్ల ముఖం చూసి మనసులో ఏముందో పట్టుకోలేకపోవడం మీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అది ఆటిజం అని రెండేళ్ల క్రితం వైద్యులు చెప్పారు. పరీక్షలో మీ పార్ట్‌నర్, అంటే మీతో జంటగా కూర్చున్న మరో అభ్యర్థి, మాట ముగిసిందో లేదో తెలియక ఆగిపోయారు, ఎగ్జామినర్ ఏదో రాసుకుంటుంటే తప్పు చెప్పానేమోనని తడబడ్డారు. "కళ్లలోకి చూడటం నేర్చుకుంటే తప్ప నాకు ఈ పరీక్ష దక్కదా?" అని అడిగారు.

దక్కుతుంది. కళ్లలోకి చూడటం నేర్చుకోవలసిన అవసరమే లేదు. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో జర్మన్ నేర్పుతున్నాను. మీలాంటి ఇబ్బంది ఉన్నవారినీ, ఏ పేరూ పెట్టలేని సిగ్గుతో తల వంచుకుని మాట్లాడేవారినీ ఈ పరీక్షకు తయారు చేశాను. వాళ్లలో మార్కులు పోగొట్టుకున్న ప్రతి ఒక్కరి విషయంలోనూ నాకు కనిపించింది ఒక్కటే: చూపు లేకపోవడం వల్ల మార్కులు పోలేదు, చూపు చేయవలసిన పనిని మాట కూడా చేయకపోవడం వల్ల పోయాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీ చేతికి అందితే మిగిలినదంతా సాధనే.

మొదట, ఈ పరీక్షలో దేనికి మార్కులు వేస్తారో స్పష్టంగా తెలుసుకోవాలి. బీ1 మాట్లాడే భాగాన్ని సాధారణంగా ఇద్దరు అభ్యర్థులను కలిపి నిర్వహిస్తారు. తయారీకి 15 నిమిషాలు, పరీక్ష సుమారు 15 నిమిషాలు. మొదటి భాగంలో ఇద్దరూ కలిసి ఒక కార్యక్రమాన్ని ఖరారు చేసుకోవాలి, దానికి సుమారు 3 నిమిషాలు. రెండో భాగంలో ఒక్కొక్కరూ ఒక్కో అంశంపై ఐదు స్లైడ్ల ఆధారంగా సుమారు 3 నిమిషాల చొప్పున మాట్లాడాలి. మూడో భాగంలో పార్ట్‌నర్ ప్రసంగం గురించి ఒక మాట చెప్పి, ఒక ప్రశ్న అడగాలి. మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబివ్వాలి. ఇద్దరు ఎగ్జామినర్లు ఉంటారు. ఒకరు నడిపిస్తారు, ఇద్దరూ మార్కులు వేస్తారు. ఇచ్చిన పనిని పూర్తి చేశారా, పార్ట్‌నర్‌తో సంభాషణ నడిపారా, మాటల మధ్య పొందిక ఉందా, పదసంపద ఎలా ఉంది, వాక్యనిర్మాణం ఎలా ఉంది, ఉచ్చారణ ఎలా ఉంది అన్నవే వాళ్లు చూసేవి. కళ్లు, చేతులు, చిరునవ్వు అనే గడి ఆ పట్టికలో ఎక్కడా లేదు.

వేరే పరీక్షలకు వెళ్లేవారు కూడా ఈ జవాబు చదువుతారు కనుక ఒక్క మాట చెబుతాను. ఐఈఎల్‌టీఎస్ మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాల పాటు ఒకే ఎగ్జామినర్‌తో సాగుతుంది. అక్కడ కూడా ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికే సమానంగా మార్కులు ఉంటాయి, ముఖకవళికలకు ఉండవు. టోఫెల్‌లో ఎదురుగా మనిషే ఉండరు, మైక్‌లో మాట్లాడాలి. ఎటుచూసినా జంటగా నడిచే జర్మన్ పరీక్షే మీలాంటి వారికి కష్టమైనది, అందుకే దాని గురించే వివరంగా రాస్తున్నాను.

పార్ట్‌నర్‌తో సంభాషణ నడపడం అన్న కొలమానం దగ్గరే మీకు దెబ్బ తగిలి ఉంటుందని నా అనుమానం. సంభాషణ అంటే చూపులు కలపడం అని మీరు అనుకుంటున్నారు. మన ఇళ్లలో కథ చెప్పేవారు చీకట్లో, ఆరుబయట పడుకుని చెప్పేవారు. వినేవాళ్ల ముఖం కనిపించేది కాదు, ఊఁ కొట్టడమే ఆధారం. ఊఁ ఆగిపోతే కథ ఆగిపోయేది. పరీక్ష గదిలో మీ నుంచి కావలసింది ఆ ఊఁ, అది కూడా జర్మన్‌లో, నోటితో. "గెనౌ" అంటే సరిగ్గా అదే, "ష్టిమ్ట్" అంటే నిజమే, "అఖ్ సో" అంటే ఓహో అలాగా, "గూటె ఇడే" అంటే మంచి ఆలోచన. ఈ నాలుగు మాటలను పార్ట్‌నర్ మాటలకు జవాబుగా పలికితే, మీరు టేబుల్ వైపు చూస్తున్నా వింటున్నారని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుస్తుంది.

హైదరాబాద్ లాంటి చోట పరీక్షకు వెళ్తే మీ పార్ట్‌నర్ కూడా చాలావరకు మన ప్రాంతం వారే అయి ఉంటారు. మనవాళ్లు సరే అనడానికి తలను పక్కకు వాల్చి ఊరుకుంటారు, అర్థం కాకపోయినా చిన్నగా నవ్వుతారు. మీకు ఆ కదలిక కనిపించకపోవచ్చు, కనిపించినా అర్థం తేలకపోవచ్చు. జర్మన్లకు కూడా అది ఔననడమో కాదనడమో తెలియదు. నేను మొదటిసారి జర్మనీ వెళ్లినప్పుడు నా ఇంటి యజమానురాలు అడిగినదానికి ఇలాగే తల వాల్చాను, ఆవిడ దాన్ని కాదు అని అర్థం చేసుకుని మరో రోజు రమ్మన్నారు. అందువల్ల పార్ట్‌నర్ మౌనంగా ఉంటే ఊహించే ప్రయత్నం చేయకండి, నేరుగా అడగండి: "బిస్ట్ డు ఐన్‌ఫర్‌ష్టాండెన్?" అంటే నీకు సమ్మతమేనా అని అర్థం. తలతో చెప్పిన జవాబును అవతలివారు మాటతో చెప్పక తప్పదు. మీకు సందేహం తీరుతుంది, సంభాషణ నడిపినట్టు మీ ఖాతాలో పడుతుంది, నోరు తెరిచే అవకాశం దొరికినందుకు పార్ట్‌నర్‌కీ మేలే జరుగుతుంది.

ఇక మీ వంతు ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవడం గురించి. మామూలుగా మనుషులు మాట ముగించేటప్పుడు ఎదుటివారి వైపు చూస్తారు, ఆ చూపును చూసి అవతలివారు అందుకుంటారు. ఆ సంకేతం మీకు అందదు. అయితే జర్మన్ భాష ఇదే సమాచారాన్ని చెవికి కూడా ఇస్తుంది, తెలుగువారి చెవికి అది దొరకడం కష్టమేమీ కాదు. తెలుగులో ప్రశ్న వాక్యం చివర తెలుస్తుంది: "శనివారం వస్తావా" అన్నప్పుడు ఆఖరి దీర్ఘం దాకా ఆగాలి. జర్మన్‌లో ఔను, కాదు అని జవాబు చెప్పవలసిన ప్రశ్న క్రియతోనే మొదలవుతుంది: "కొమ్స్ట్ డు ఆమ్ జామ్‌స్టాగ్?" మొదటి మాటగా క్రియ వినిపించిందంటే దాదాపు ప్రతిసారీ మీ వంతు వస్తోందని అర్థం. మిగిలిన ప్రశ్నలు "వెర్, వస్, వో, వాన్, వీ, వారుమ్" అని ఎక్కువగా వకారంతో మొదలవుతాయి. మన ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు అన్నీ ఎ, ఏ లతో మొదలైనట్టే అనుకోండి, కాకపోతే మనం వాటిని వాక్యం మధ్యలో పెడతాం, వాళ్లు ముందు పెడతారు. కనుక పార్ట్‌నర్ కొత్త వాక్యం ఎత్తుకున్నప్పుడు మొదటి మాటపైన చెవి పెట్టండి. మన అలవాటు ప్రకారం వాక్యం చివర కోసం కాచుకుంటే ప్రశ్న దాటిపోయాక తెలుస్తుంది.

మాట ముగిసిందని తెలిపే గుర్తు కూడా ఉంది. "వీర్ కోన్నెన్ మిట్ డేమ్ బుస్ ఫారెన్", అంటే మనం బస్సులో వెళ్లవచ్చు, అన్నప్పుడు "ఫారెన్" అనే క్రియ మన వాక్యంలో లాగానే చివరకు వచ్చి కూర్చుంటుంది. ప్రణాళిక వేసే భాగంలో మనం చేయవచ్చు, చేయాలి అనే వాక్యాలే ఎక్కువ కనుక, ఈ చివరి క్రియ పదేపదే వినిపిస్తుంది. ఆ క్రియతో పాటు స్వరం కిందికి దిగి, తర్వాత ఒక ఊపిరి పీల్చేంత నిశ్శబ్దం వస్తే, మీరు అందుకోవచ్చు. ఒకవేళ అవతలివారు ముగించకముందే మీరు మొదలుపెట్టినా భయపడకండి. "ఎంట్‌షుల్డిగుంగ్, బిట్టె", అంటే క్షమించు, నువ్వు చెప్పు, అని వారికి అవకాశం ఇస్తే, అది కూడా సంభాషణ నడపడమే.

దీనికి రెండో వైపు, మీ వంతును మీరు స్పష్టంగా అప్పగించడం. మొదటి భాగంలో మీ ప్రతి మాటనూ ప్రశ్నతో ముగించాలని నియమం పెట్టుకోండి. ఉదాహరణకు, కోర్సు ముగిశాక టీచర్‌కు వీడ్కోలు విందు ఏర్పాటు చేయాలని ఇచ్చారనుకుందాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం వండాలి, ఏం బహుమతి ఇవ్వాలి అని అంశాలు కాగితం మీదే ఉంటాయి. మీరు ఒక సూచన చేస్తారు, దానికి కారణం చెబుతారు, "వస్ మైన్‌స్ట్ డు?" అంటే నువ్వేమంటావు అని అడుగుతారు. జవాబు రాగానే "గూట్, డాన్ మాఖెన్ వీర్ దాస్ సో", అంటే సరే, అలాగే చేద్దాం, అని ఖాయం చేసి తర్వాతి అంశానికి వెళ్తారు. సూచన, కారణం, ప్రశ్న, ఖాయం చేయడం: కాగితం మీద ఒక్కో అంశానికి ఈ నాలుగు అడుగులూ వేస్తే, ఒక్కసారి కూడా తల ఎత్తకుండా ఆ మూడు నిమిషాలూ నిండుగా నడుస్తాయి. కాగితం వైపు చూడటానికి మీకు సహజమైన కారణమూ ఉంది, అంశాలు దాని మీదే ఉన్నాయి. అయితే పార్ట్‌నర్ చెప్పిన ప్రతిదానికీ ఔననకండి. కనీసం ఒక్కసారైనా "దాస్ ఫిండె ఇష్ నిష్ట్ సో గూట్, వైల్...", అంటే అది నాకు అంత బాగా అనిపించడం లేదు, ఎందుకంటే..., అని కారణంతో విభేదించండి. ముఖం చదవలేనివాళ్లు ఎదుటివారు నొచ్చుకుంటారేమోననే భయంతో అన్నింటికీ తల ఊపడం నేను ఎక్కువగా చూశాను. అక్కడే సంభాషణ పలచబడిపోతుంది.

చిన్న విషయమే అయినా ఒకటి చెప్పాలి. మనం వేళ్ల కణుపుల మీద లెక్కపెడతాం, జర్మన్లు బొటనవేలితో ఒకటి మొదలుపెడతారు. పరీక్షలో అంకెలను చేత్తో చూపవద్దు, నోటితో చెప్పండి.

రెండో భాగం నిజానికి మీకు అనుకూలమైనది. అక్కడ ఎదుటివారి సంకేతాలు చదవవలసిన పని లేదు, ఐదు స్లైడ్ల వరుస కూడా ముందే తెలుసు: అంశం పరిచయం, మీ సొంత అనుభవం, మీ దేశంలో పరిస్థితి, లాభనష్టాలతో మీ అభిప్రాయం, ముగింపు. స్లైడ్ మారుతున్నట్టు మాటతోనే చెప్పండి. "యెట్స్ట్ కొమ్మె ఇష్ సూ మైనెర్ ఎర్‌ఫారుంగ్", అంటే ఇప్పుడు నా అనుభవానికి వస్తున్నాను అని. ఇలాంటి వాక్యాలు పొందిక కింద లెక్కకు వస్తాయి. ఈ భాగంలో తల ఎత్తమని మాత్రం అడుగుతాను, దానికి కారణం మర్యాద కాదు. మెడ వంచి మాట్లాడితే గొంతు నొక్కుకుపోతుంది, వాక్యాల చివర అక్షరాలు మింగుడుపడిపోతాయి, ఉచ్చారణ మార్కులు అక్కడ పోతాయి. స్లైడ్ మారినప్పుడల్లా గడ్డం పైకెత్తి పార్ట్‌నర్ భుజం వైపో, వెనుక గోడ వైపో చూస్తే సరిపోతుంది. ఆలోచించేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోవడం ఆటిజం లేనివాళ్లు కూడా చేసేదే. బలవంతంగా కళ్లలోకి చూస్తూ ఉంటే మీ బుద్ధిలో సగం ఆ పనికే ఖర్చవుతుంది, క్రియను ఎక్కడ పెట్టాలో ఆలోచించడానికి మిగలదు.

మూడో భాగంలో పార్ట్‌నర్‌ను అడగవలసిన ప్రశ్న గురించి కంగారుపడేవారు చాలామంది. పార్ట్‌నర్ దగ్గరున్నదీ అవే ఐదు స్లైడ్ల చట్రం కనుక, ప్రశ్న ఎక్కడ దొరుకుతుందో మీకు ముందే తెలుసు. వారి సొంత అనుభవం చెప్పేటప్పుడు శ్రద్ధగా వినండి, అక్కడ విన్న ఒక్క మాట పట్టుకుని ఎందుకు, ఎప్పటి నుంచి, ఎంత తరచుగా అని అడగవచ్చు. ముందుగా "డైనె ప్రెజెంటాట్సియోన్ హాట్ మీర్ గూట్ గెఫాలెన్", అంటే నీ ప్రసంగం నాకు బాగా నచ్చింది, అని చెప్పి, ఏది నచ్చిందో ఒక వాక్యం చేర్చండి. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటిది బట్టీ పట్టినట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు ఎగ్జామినర్ల సంగతి. మీరు మాట్లాడుతుంటే వారు రాసుకోవడం, గడియారం చూడటం, నవ్వకపోవడం, మధ్యలో ఆపి తర్వాతి భాగానికి వెళ్లమనడం మీకు శిక్షలా అనిపించాయని రాశారు. రాసుకోవడం వాళ్ల పని. మార్కుల పట్టిక ముందున్నప్పుడు రాయక తప్పదు, బాగా చెప్పినదాన్ని కూడా రాస్తారు. ముఖంలో ఏ భావమూ చూపకుండా ఉండటం కూడా పరీక్ష పద్ధతిలో భాగమే, ఒకరి ముందు నవ్వి మరొకరి ముందు నవ్వకపోతే అది అన్యాయమవుతుంది. మధ్యలో ఆపడం సమయం కోసం. ఒక విధంగా చూస్తే ఆ గదిలో ఎగ్జామినర్ ముఖం ఎవరికీ ఏమీ చెప్పదు, ముఖాలు బాగా చదవగలిగేవారికి కూడా. అందుకే నా విద్యార్థులతో పరీక్షకు ముందే ఒక కాగితం మీద ఈ నాలుగు కదలికలనూ, ఒక్కోదాని ఎదుట దాని అసలు అర్థాన్నీ రాయిస్తాను. ఆ క్షణంలో అర్థం వెతుక్కోవలసిన పని లేకుండా, ముందే నిర్ణయించుకున్న అర్థం అందుబాటులో ఉంటుంది.

మాట తడబడినప్పుడు మౌనం వద్దు. నిశ్శబ్దంగా ఉన్న వ్యక్తి ఆలోచిస్తున్నారో, ప్రశ్న అర్థం కాలేదో, ఆగిపోయారో బయటివారికి తెలియదు. మామూలుగా ముఖమే ఆ సంగతి చెబుతుంది. మీ ముఖం చెప్పదు కనుక మీరే చెప్పాలి. "ఐనెన్ మొమెంట్ బిట్టె, ఇష్ యూబర్‌లేగె" అంటే ఒక్క క్షణం, ఆలోచిస్తున్నాను. "కన్‌స్ట్ డు దాస్ బిట్టె వీడర్‌హోలెన్?" అంటే మళ్లీ చెప్తావా. "వీ మైన్‌స్ట్ డు దాస్?" అంటే నీ ఉద్దేశం ఏమిటి. అడిగితే మార్కులు పోతాయని చాలామంది భయం. ఐరోపా భాషల ఉమ్మడి చట్రంలో, అంటే ఈ ఏ1, బీ1 స్థాయిలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో ఆ పత్రంలో, ఎదుటివారు చెప్పినదాన్ని వివరించమని అడగగలగడం బీ1 స్థాయి సామర్థ్యాల్లో ఒకటిగా రాసి ఉంది. అడగడం బలహీనత కాదు, మీ స్థాయిని చూపించడమే.

సాధనను నేను మూడు అంచెల్లో చేయిస్తాను. మొదటి వారం పార్ట్‌నర్‌తో వీడియో లేకుండా ఫోన్‌లో మాత్రమే మాట్లాడాలి. అప్పుడు ఇద్దరికీ ముఖం ఉండదు, ఇద్దరూ ఊఁ కొట్టాలి, ఇద్దరూ వంతు అప్పగించాలి. ఈ దశలో మీరు ఇతరులకన్నా ముందుంటారు. రెండో వారం ఒకే గదిలో వీపు వీపు ఆనించి కూర్చుని అదే పని చేయాలి. మూడో వారం ఎదురెదురుగా కూర్చుని, మూడో వ్యక్తి ఒకరు నవ్వకుండా రాసుకుంటుండగా చేయాలి. ప్రతిసారీ రికార్డ్ చేసి, తర్వాత వింటూ రెండే రెండు లెక్కపెట్టండి: మీ మాట ఎన్నిసార్లు ప్రశ్నతో ముగిసింది, పార్ట్‌నర్ మాటకు ఎన్నిసార్లు నోటితో స్పందించారు. వ్యాకరణ తప్పులు ఆ పూట వదిలేయండి. పార్ట్‌నర్‌ను మాత్రం మారుస్తూ ఉండండి: అడ్డుపడి మాట్లాడేవారు ఒకరు, నోరు విప్పనివారు ఒకరు ఉండాలి. పరీక్షలో ఎవరు వస్తారో మన చేతిలో ఉండదు.

ఒక విద్యార్థిని సంగతి చెబుతాను, పేరు అవసరం లేదు. ఆమెది మీలాంటి పరిస్థితే. మొదటి వారం రికార్డింగ్‌లో ఆరు నిమిషాల సంభాషణకు ఆమె వైపు నుంచి ఒక్క ప్రశ్న లేదు. మూడో వారం వచ్చేసరికి ప్రశ్నలు ఎక్కువై నేనే తగ్గించమన్నాను. పరీక్ష అంతా ఆమె చూపు కాగితం మీదే ఉందట. ఆ భాగంలో ఉత్తీర్ణురాలైంది.

వైద్యుల పత్రం ఉన్నా మీరు దాన్ని వాడుకోలేదు, అది నాకు బాధ కలిగించింది. వైకల్యం లేదా వైద్యపరమైన ఇబ్బంది ఉన్న అభ్యర్థులకు తగిన ఏర్పాట్లు చేసే నిబంధనలు గోథె పరీక్షల్లో ఉన్నాయి, కానీ దరఖాస్తు చేసేటప్పుడే, ఆధారంతో సహా తెలియజేయాలి. పరీక్ష రోజున గదిలో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. అందుచేత ఫీజు కట్టే ముందే పరీక్షా కేంద్రానికి ఈమెయిల్ రాయండి: మీ ఇబ్బంది ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి, ఏ పత్రం ఏ భాషలో కావాలో అడగండి. అదనపు సమయం ఇవ్వగలరా, జంటగా కాక ఒంటరిగా పరీక్ష పెట్టే వీలుందా అని కూడా అడగండి. అసాధారణ సందర్భాల్లో ఒంటరిగా నిర్వహించే పద్ధతి ఉంది, అప్పుడు ఒక ఎగ్జామినరే పార్ట్‌నర్ పాత్ర తీసుకుంటారు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంను గుర్తిస్తుంది, కనుక పత్రం చూపించడంలో దాచుకోవలసింది ఏమీ లేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేయబోయే మీరు, ఎవరి అవసరాన్ని వారు మాటతో చెప్పుకోవడం ఎంత ముఖ్యమో రేపు రోగుల దగ్గర రోజూ చూస్తారు.

పార్ట్‌నర్‌కు కూడా ఒక వాక్యం చెప్పుకోవచ్చు. లోపలికి వెళ్లేముందు వరండాలో ఎదురుచూస్తున్నప్పుడు తెలుగులోనే చెప్పండి, లేదా జర్మన్‌లో "ఇష్ షావె మాన్ష్‌మాల్ వెక్, ఆబర్ ఇష్ హ్యోరె సూ" అనండి: ఒక్కోసారి పక్కకు చూస్తాను కానీ వింటూనే ఉంటాను అని. చెప్పాలన్న నిర్బంధమేమీ లేదు. చెప్పినవారిలో ఎక్కువమంది లోపల తేలికగా ఉన్నామని అన్నారు.

చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు మాడ్యూళ్లలో మీకు మిగిలింది మాట్లాడే మాడ్యూల్ ఒక్కటే. బీ1లో మాడ్యూళ్లను విడివిడిగా రాసే వీలుంది కనుక ఉత్తీర్ణత వచ్చిన మూడింటినీ మళ్లీ ముట్టుకోకండి. ముందు కేంద్రానికి ఆ ఈమెయిల్ పంపండి, జవాబు వచ్చాక తేదీ ఎంచుకోండి, ఆ తేదీకి కనీసం మూడు వారాల ముందు ఫోన్ సాధన మొదలుపెట్టండి. మొదటి రికార్డింగ్ విన్నాక ప్రశ్నలు ఎన్ని వచ్చాయో ఇక్కడ రాస్తే, తర్వాతి వారం ఏది మార్చాలో చెబుతాను.